నీళ్లు చూపిన తొవ్వ

పాలమూరులో పుట్టినవాళ్లకు రాయి అంటే గుండు. జడ్చర్ల దాటినా, కల్వకుర్తి దాటినా, దేవరకొండ వైపు తిరిగినా కనిపించేవి గుండ్లే. పొలాల నడుమ, చెరువు కట్టల పక్కన, ఊరి నడిబొడ్డున గుండు మీద గుండు నిలబడి ఉంటుంది. అది గ్రానైటు. ఎండకు కాగి, వానకు తడిసి, మూలలు రాలిపోయి గుండ్రబడిన రాయి. చిన్నప్పటి నుంచి దాన్ని చూసి చూసి, భూమి అంతటా రాయి ఇట్లాగే ఉంటుందని అనుకుంటాం.

అచ్చంపేట దాటి రంగాపూర్ మీదుగా ఉమామహేశ్వరం చేరేసరికి రాయి మారిపోతుంది. అక్కడ కొండ గుండ్లుగా లేదు. జొన్నరొట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు పొరలు పొరలుగా ఉంది. లేత ఎరుపు, గోధుమ వన్నె, మధ్యలో తెల్లని చారలు. చేత్తో తడిమితే గరుకుగా ఇసుక తగులుతుంది. జనం ఇసుకరాయి అంటారు. భూవిజ్ఞానులు శ్రీశైలం క్వార్ట్‌జైట్ అంటారు. ఒకప్పటి ఇసుకే ఒత్తిడికి గట్టిపడి అట్లా అయింది. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ కడప, కర్నూలు శిలల గురించి 1872లోనే పెద్ద గ్రంథం రాశాడు.

ఈ రెండు రాళ్ల సంబంధం తెలిసిన తర్వాతే నల్లమల నాకు కొంచెం అర్థం కావడం మొదలైంది. కింద గ్రానైటు, దాని వయసు ఇంచుమించు 250 కోట్ల ఏళ్లు. అది అరిగి, పగిలి, పొడి అయితే ఏరులు ఆ పొడిని మోసుకొచ్చి లోతు తక్కువ నీళ్లలో పరిచాయి. మెత్తనివన్నీ కొట్టుకుపోయి, అరగని పలుగురాతి రేణువులు మిగిలాయి. అవే పొరలై, బండలై, చివరికి కొండలయ్యాయి. అంటే పైనున్న ఇసుకరాయి కిందున్న గ్రానైటుకు బిడ్డ. దానికీ వంద కోట్ల ఏళ్లు ఎప్పుడో నిండాయి. ఆ ఇసుక పరుచుకున్న రోజుల్లో నేల మీద చెట్టు లేదు, గడ్డి లేదు, పిట్ట లేదు. కంటికి కనిపించని సూక్ష్మజీవులు తప్ప నేల మీద ప్రాణమన్నదే లేదు. వాన కురిసింది, నీళ్లు పారాయి, ఇసుక కదిలింది. కోట్ల ఏళ్ల పాటు జరిగిన పని అంతే.

ఆ పని గుర్తులు నల్లమల అడవి లోపల, లింగమయ్య వెలసిన సలేశ్వరం లోయకు పోయే తొవ్వలో కాళ్ల కింద కనిపిస్తాయి.

హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయే రోడ్డు మీద మన్ననూరు దాటాక ఫర్హాబాద్ వస్తుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వేటకు వచ్చిన చోటు. ఆయన పేరు మీదే పాలమూరు జిల్లాకు మహబూబ్‌నగర్ అన్న పేరు పడింది. అక్కడి నుంచి అడవి లోపలికి మట్టి దారి. కొంత దూరం బండ్లు పోతాయి, ఆ తర్వాత నడకే. ఏడాదిలో చైత్ర పౌర్ణమికి అటూ ఇటూ కొన్ని రోజులే జనాన్ని వదులుతారు. ఆ రోజుల్లో పాలమూరు, నల్లగొండ పల్లెలన్నీ వెదురు కట్టెలు పట్టుకొని లోయలోకి దిగుతాయి. పోతూ పోతూ లింగమయ్యా వస్తున్నామని కేక వేస్తారు. మళ్లుకొని వచ్చేటప్పుడు పోతున్నామని చెప్పి సెలవు తీసుకుంటారు. వేల గొంతులు ఆ రాతి లోయలో ఒకటవుతుంటే భక్తి లేనివాడికి కూడా ఒళ్లు జలదరిస్తుంది.

కానీ నేను చెప్పాలనుకున్నది ఆ తొవ్వ గురించి. దిగుడు మొదలైన కాసేపటికి తొవ్వకు అడ్డంగా ఒక పరుపుబండ వస్తుంది. జనమంతా దాన్ని తొక్కుకుంటూ పోతారు. కూర్చుని చూస్తే బండ నిండా వరసగా అలలు. ఒక్కో అల వేలెడు వెడల్పు. ఒక పక్క ఏటవాలుగా లేచి, రెండో పక్క చప్పున దిగిపోతుంది. ఏటి ఒడ్డున తడి ఇసుక మీద నీళ్లు గీసే గీతలు ఇవే. నీళ్లు ఎటు నుంచి ఎటు పారాయో వాలును బట్టి చెప్పవచ్చు. దాని మీద అరచేయి పెట్టాను. ఎండకు బండ కాలుతోంది. ఆ గీతలు గీసిన నీళ్లు ఇంకిపోయి వంద కోట్ల ఏళ్లు దాటింది, గీత మాత్రం చెరగలేదు. మన ఊళ్లో శాసనం వెయ్యేళ్లు నిలిస్తే అబ్బురపడతాం. ఇక్కడ ఒక సాయంకాలపు అల నిలిచి ఉంది.

ఇంకా కిందికి దిగితే బండల నడుమ తెల్లటి మాను ఒకటి కనిపిస్తుంది. ఎండాకాలం ఆకులన్నీ రాల్చి, నున్నటి బెరడుతో ఎముకల వన్నెలో మెరుస్తుంది. అది తపసి చెట్టు. మట్టి అక్కర్లేదు దానికి. రాతి పగులులో వేరు దూర్చుకొని బతుకుతుంది. దాని బంక ఈ అడవిలో బతికే చెంచు గిరిజనులకు జీవనాధారం. గిరిజన కార్పొరేషన్ వాళ్లు కొంటారు. బెరడు మీద గాటు పెడితే బంక ఊరి గడ్డకడుతుంది. గాటు ఎంత లోతు పెట్టాలి, ఎన్నాళ్లకు మళ్లీ పెట్టాలి అన్నది తెలియనివాడు పెడితే చెట్టు చచ్చిపోతుంది. నేను చూసిన మాను మీద పాత గాట్లు మానిపోయి ఉన్నాయి. పక్కనే కొత్త గాటు, చిటికెనవేలంత. ఆ మాను మీద ఎంత కాలంగా చెయ్యి పడుతోందో, ఎంత జాగ్రత్తగా పడుతోందో ఆ మచ్చలే చెప్పాయి.

పెంట అంటే చెంచు గూడెం. అట్లాంటి ఒక పెంట నుంచి వచ్చిన చెంచు పెద్దాయన నాతో నడిచాడు. ఆయన ముందు, నేను వెనక. తొవ్వ ఎక్కడా తిన్నగా లేదు. కళ్లెదుట లోయ అడుగు కనిపిస్తుంటే, తొవ్వ మాత్రం పక్కకు తిరిగి, ఒక బండ వెనక్కి పోయి, మళ్లీ వెనక్కి వచ్చి దిగుతోంది.

"తొవ్వ సక్కగ పోతలేదేంది తాతా?" అని అడిగాను.

"సక్కగ పోతే దూప ఎట్ల తీర్తది సారూ?" అన్నాడు.

అని, ఒక రాతి పొర కిందికి వంగాడు. బయటికి చొచ్చుకొచ్చిన బండ, దాని కింద మనిషి వంగి నిలబడేంత నీడ. అడుగున ఇసుక కొంచెం నల్లగా ఉంది. రెండు చేతులతో తవ్వాడు. మూరెడు లోతు పోయేసరికి తడి తగిలింది. తవ్వడం ఆపి, బీడీ కూడా ముట్టించకుండా అట్లాగే కూర్చున్నాడు. చెలిమెలోకి నీళ్లు మెల్లగా ఊరాయి. మొదట బురదగా వచ్చిన నీళ్లు తోడి పారబోశాడు. మళ్లీ ఊరినవి మోదుగాకు డొప్పలో పట్టి నాకిచ్చాడు. చల్లగా, తియ్యగా ఉన్నాయి. తాగడం అయ్యాక చెలిమెను పూడ్చలేదు. పక్కనున్న ఎండాకులు కొన్ని పైన కప్పాడు. జింకలు, ఎలుగులు వస్తాయట, నీళ్లు వాటికి ఉండాలట.

అప్పుడు తెలిసింది ఆ వంకర తొవ్వ లెక్క. ఇసుకరాయిలో నిలువు పగుళ్లు ఉంటాయి. వాన నీళ్లు వాటిలోంచి కిందికి ఇంకుతాయి. ఇసుకరాతి పొరల మధ్య అక్కడక్కడ మెత్తని పలకరాతి పొర వస్తుంది. నీళ్లు దాన్ని దాటి దిగలేక పక్కకు జారి కొండ వాలులో బయటపడతాయి. బయటపడ్డ చోట మెత్తని పొర నాని, రాలి, వెనక్కి తినుకుపోతుంది. పైన గట్టి బండ కప్పులా నిలుస్తుంది. గుహ అయ్యేది అట్లా. నల్లమలలో గుహ ఉన్నచోట నీటి జాడ ఉండేది అందుకే. ఉమామహేశ్వరంలో గుడిని కాచేది చొచ్చుకొచ్చిన కొండ చరియ. దాని పక్కనే పాపనాశిని, రాతిలోంచి ఊరుతుంది. సలేశ్వరంలో లోయ చివర జలపాతం దూకే గుండం, దాని పక్క రాతి గుహలో లింగమయ్య. తొలి ఏకాదశికి జనం పోయే లొద్ది మల్లయ్య కూడా ఇట్లాంటి లోయలోనే, నీళ్లు పారే రాతి కింద ఉన్నాడు. రాయి నీటికి చోటు చూపింది, నీరు మనిషికి తొవ్వ చూపింది. దేవుడు ఆ తొవ్వ చివరన వెలిశాడు. లింగమయ్యకు పూజ చేసేది ఇప్పటికీ చెంచులే. శ్రీశైలం మల్లన్న తమ ఆడపిల్లను చేసుకున్న అల్లుడని వాళ్ల మాట. ఆయనను చెంచు మల్లయ్య అంటారు.

వాళ్ల కన్నా ముందు కూడా ఈ తొవ్వలు నడిచినవాళ్లు ఉన్నారు. నల్లమలను ఒరుసుకొని పారే కృష్ణ ఒడ్డున, నాగార్జునకొండ లోయలో 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపితే పాత రాతియుగపు పనిముట్లు దొరికాయి. అవి క్వార్ట్‌జైట్ రాయివి. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేసిన నాగార్జునసాగర్ ఆనకట్ట కట్టాక ఆ లోయ నీళ్ల కిందికి పోయింది. పనిముట్లు ద్వీపం మీది మ్యూజియంలో ఉన్నాయి. నల్లగొండ జిల్లా వాళ్లు పిల్లలను తీసుకుపోతే బుద్ధుడి శిల్పాల దగ్గరే ఆగిపోకుండా ఆ రాతి పనిముట్లు కూడా చూపించాలి. ఒక మనిషి ఈ రాయిని చేత్తో పట్టుకొని, ఎక్కడ కొడితే ఎటు విరుగుతుందో తెలుసుకొని చేసిన తొలి పనుల్లో ఒకటి అది.

పన్నెండో శతాబ్దంలో శివభక్తురాలు అక్కమహాదేవి ఈ కొండలకు వచ్చింది. కన్నడ దేశంలో పుట్టి, రాజు ఇంటిని వదిలి, కల్యాణ పట్టణం మీదుగా శ్రీశైలం మల్లికార్జునుడిని వెతుక్కుంటూ నడిచిందని కథ. కృష్ణ ఒడ్డున తెలంగాణ వైపు ఆమె పేరు మీద గుహలున్నాయి. శ్రీశైలం నుంచి పడవలో పోతారు. గుహ ముందు రాయి దానంతటదే వంపు తిరిగి, ఏ స్తంభమూ లేకుండా నిలిచి ఉంటుంది. లోపల దారి ఇరుకు. ఒక్కరు పక్కకు తిరిగి, వంగి, దీపం పట్టుకొని పోవాలి. చివరన లింగం. పెద్ద పెద్ద గాలిగోపురాలు దాటి దేవుడిని చూడటం మనకు అలవాటు. అక్కడ మనిషి తన ఒంటి వెడల్పుకు మించి ఏమీ తీసుకుపోలేడు. ఇల్లు, నగ, చీర అన్నీ వదిలేసిన ఆ స్త్రీకి అంతకన్నా సరైన గుడి దొరకదు.

ఇసుకరాతి అంచుల కింద తేనెపట్లు వేలాడుతుంటాయి. కొండతేనె. చెంచులు పైనుంచి తీగలతో పేనిన తాడు వేసి, దానికి వేలాడుతూ దిగి, పొగ పెట్టి తీస్తారు. తాడు పైన పట్టుకునేది బావమరిది అని చెబుతారు. అక్క బతుకు ఆ తాడుకు వేలాడుతోంది గనుక వాడు వదలడు. నేను చూసిన బండ మీద పాత పట్ల మచ్చలు వరసగా ఉన్నాయి, కొన్ని నల్లగా, కొన్ని పసుపుగా. ఏ పట్టు ఏ ఏడాది ఎవరు తీశారో పెద్దాయన చెబుతూ పోయాడు. వాళ్లలో చాలామంది లేరు. 1940లో హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడు ఇక్కడికి వచ్చి చెంచులతో ఉండి, 1943లో వాళ్ల మీద పుస్తకం వేశాడు. గడ్డలు తవ్వుకునే కట్టె, విల్లు, తేనె తాడు తప్ప పెద్దగా ఆస్తి లేని బతుకును ఆయన రాశాడు. ఆ ఆస్తి లేనితనమే ఈ తొవ్వలను కాపాడిందని నాకనిపిస్తుంది. తొవ్వ ఎవరి సొత్తూ కాదు. రోజూ ఎవరో ఒకరు నడుస్తుంటేనే అది ఉంటుంది. రెండు వానాకాలాలు నడవకపోతే వెదురు, కంప కమ్మేస్తుంది.

ఇక ఈ రాళ్ల మీద మన కన్ను పడిన కథ. గ్రానైటుకూ ఇసుకరాయికీ అతుకు పడిన చోట, ఒకటి అరగడానికీ రెండోది పరుచుకోవడానికీ మధ్య గడిచిన కోట్ల ఏళ్ల ఖాళీ దగ్గరే, యురేనియం ఉంది. నల్లగొండ జిల్లాలో లంబాపూర్, పెద్దగట్టు, చిత్రియాల్ పేర్లు అందుకే దేశానికి తెలిశాయి. 2019లో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో దాదాపు 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. చెంచులు, రైతులు, విద్యార్థులు, సినిమావాళ్లు అందరూ లేచారు. ఆ ఏడాది సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానం చేసింది. నేను అణువిద్యుత్తు మీద పంచాయితీ పెట్టను. నా అభ్యంతరం ఆ చోటు మీద. ఏ పగుళ్లలో నీళ్లు దిగి చెలిమెల్లో ఊరుతున్నాయో ఆ పగుళ్లలోనే బోర్లు వేస్తామంటే, ఆ నీళ్లు తాగేవాళ్లు ఎక్కడికి పోవాలి? ఈ వాగులన్నీ చివరికి కృష్ణలో కలిసేవే. ఆ కృష్ణను హైదరాబాదు కూడా తాగుతోంది.

దీనికి ఇంకో పక్క ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. గ్రానైటు నేలలో ఊరే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. మర్రిగూడ, నాంపల్లి పల్లెల్లో వంకర తిరిగిన కాళ్లతో, వంగిపోయిన నడుములతో తరాలు గడిచిపోయాయి. వాళ్లకు కూడా కృష్ణ నీళ్లు అందించాలని శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం మొదలుపెట్టారు. దోమలపెంట నుంచి దాదాపు 44 కిలోమీటర్లు, పులుల అడవి కింద నుంచి. పైన అడవిని కదిలించకూడదు గనుక మధ్యలో ఎక్కడా గాలికి, మనుషులకు వేరే దారి తవ్వడానికి వీలు లేదు. పనికి మొదటి నుంచీ ఊటనీళ్లతోనే పోరాటం. 2025 ఫిబ్రవరి 22న పైకప్పు కూలి, నీళ్లు, బురద ఒక్కసారి విరుచుకుపడి ఎనిమిది మంది కార్మికులు లోపలే చిక్కుకొని చనిపోయారు. ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో వచ్చినవాళ్లు. సహాయక బృందాలు వారం తర్వాత వారం ప్రయత్నించినా రెండు దేహాలే బయటికి వచ్చాయి.

ఫ్లోరైడ్ బాధితులకు నీళ్లు రావాలి. అందులో రెండో మాట లేదు. కానీ ఆ కొండ కింద ఎక్కడ పొర మారుతుందో, ఎక్కడ నీళ్లు కాచుకొని ఉంటాయో తెలుసుకునే ఓపిక మనకు ముందే ఉండాల్సింది. చెంచు పెద్దాయన చెలిమె తవ్వే ముందు ఇసుక రంగు చూశాడు, బండ వాలు చూశాడు, ఊరేదాకా ఆగాడు. ఆయన దగ్గరున్నది చదువు కాదని ఎవరంటారు?

ఇప్పుడు ఆ చదువు ఉన్నవాళ్లనే అడవి నుంచి బయటికి పంపే ఏర్పాట్లు జరుగుతున్నాయి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,600 చదరపు కిలోమీటర్లకు పైన. నాగర్‌కర్నూలు, నల్లగొండ జిల్లాల్లో పరుచుకొని, విస్తీర్ణంలో దేశంలోని పెద్ద పులుల అడవుల్లో ఒకటిగా ఉంది. లోపలి ఊళ్లు, పెంటలు ఖాళీ చేస్తే కుటుంబానికి 15 లక్షల రూపాయలు ఇచ్చే పథకం ఉంది. పిల్లల చదువు కోసం, ఆసుపత్రి కోసం తామే బయటికి వస్తామనే కుటుంబాలూ ఉన్నాయి. వాళ్లను ఆపే హక్కు నాకు లేదు. వద్దనేవాళ్ల మాట కూడా అంతే బరువుగా వినాలి. శ్రీశైలం రోడ్డు మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లు ఆపుతున్నారు, జంతువులు దాటాలని. మంచి పని. మిగతా పదిహేను గంటలు ఎన్ని బండ్లు పోతున్నాయో మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర కాసేపు నిలబడితే తెలుస్తుంది. రోడ్డుకు చోటిచ్చిన అడవి కాలిబాటకు చోటివ్వలేదా? పులికి అడ్డం రోడ్డా, చెప్పులు కూడా లేకుండా నడిచే చెంచా?

సలేశ్వరం పోయేవాళ్లకు నాదొక మనవి. గుంపుతో పరుగెత్తకండి. ప్లాస్టిక్ సీసా తీసుకుపోతే వెనక్కి తెచ్చుకోండి. ఆ లోయలోంచి దాన్ని తీసేవాళ్లు మళ్లీ చెంచులే. దిగేటప్పుడు ఒక చెంచును వెంట పిలుచుకోండి, ఆయన రోజు కూలి ఆయనకు ఇవ్వండి, ఆయన చెప్పేది వినండి. అలలున్న పరుపుబండ దగ్గర ఒక నిమిషం కూర్చోండి.

ఆ తొవ్వ మీద మాట్లాడే హక్కు మొదట ఎవరిదో చట్టం కూడా చెప్పింది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం, గ్రామసభ తెలిసి, తనంతట తాను ఒప్పుకోనిదే అడవిలోని మనుషులను వాళ్ల చోటు నుంచి కదిలించడానికి వీలు లేదు.